మావయ్య పట్టిన కుందేలు

"గొప్పలు చెప్పుకోవడం నాకు బొత్తిగా చేతకాదు, ఆ సంగతి మీకు తెలిసిందే," అని మొదలుపెట్టాడు మావయ్య, టీ కొట్టు బల్ల మీద కాలు మీద కాలు వేసుకుని.

మామూలు రోజైతే ఆ ఒక్క మాటకే మాకు టీ పొలమారేది. ఇవాళ ఎవరం నవ్వలేదు. మా కళ్ళన్నీ రోడ్డు అవతల బొమ్మలు గీసే మా ఆఫీసు రెండో అంతస్తు కిటికీ మీదే ఉన్నాయి. ఆ కిటికీ వెనక మా యజమానీ, బిస్కెట్ల కంపెనీ వాళ్ళూ కూర్చుని చెకింగ్ వదినను ఉంచాలా పంపాలా అని తేలుస్తున్నారు. వదిన మా మధ్యనే కూర్చుని ఉంది. ఆమె చేతిలో టీ ఎప్పుడో చల్లారిపోయింది.

ఆ కంపెనీకి ఒక కుందేలు బొమ్మ ఉంది. దాని ఎడమ చెవి వంగి ఉంటుంది, అదే దాని గుర్తు. పిల్లలు పొట్లం మీద పేరు చదవరు, ఆ చెవి చూసి కావాలంటారు. ఒకప్పుడు నెలకొక ప్రకటన చేసేవాళ్ళం. ఇప్పుడు నెలకు నలభై, గీసేవాళ్ళలో సగం మంది ముఖాలు కూడా మాకు తెలియవు. ఈసారి వెళ్ళిన నలభైలోనూ మనకెదురుగా నిలబడి నవ్వే కుందేలుకు కుడి చెవి వంగింది. బయటికి వెళ్ళే ప్రతి బొమ్మనూ చివర చూసి సరే అనాల్సింది వదిన. "షీటులో ఎలా ఉందో అలాగే ఉంది, అందుకే సరే అన్నాను," అంది పొద్దున మీటింగులో. తీరా చూస్తే, అందరూ ముందు పెట్టుకుని గీసే కొత్త నవ్వుల షీటులోనే చెవి తప్పు. అది ఎవరు గీశారని అడిగితే ఎవరూ పలకలేదు. కింద సంతకం లేదు. ఎవరిదీ కాని తప్పు చివరికి సరే అన్న మనిషి మెడకు చుట్టుకుంది. చెకింగ్ చేసే మనిషికి చూపు ఆనదని ఒకసారి పేరుపడిందంటే మరో ఆఫీసు గుమ్మం ఎక్కనివ్వరు. వదినకు తెలిసిన పని ఇదొక్కటే, ఆ ఇంటికి వచ్చే జీతమూ ఇదొక్కటే.

మావయ్య మా అందరిలోకీ పాతకాపు. ఆఫీసులో చిన్నా పెద్దా అందరికీ మావయ్యే. బస్సు తప్పిందని పొద్దున మీటింగుకు రాలేదు. కుందేలు చెవిలో ఎక్కడో తప్పు దొర్లిందట అని మాత్రం విన్నాడు. ఏ షీటు, ఏ బొమ్మ అని అడగలేదు. ఆయనకు అడిగే అలవాటు లేదు, చెప్పే అలవాటే ఉంది.

"మొదట్లో ఈ కుందేలును నేనొక్కణ్ణే గీసేవాణ్ణి," అన్నాడు. "తర్వాత నలుగురు కొత్తవాళ్ళు చేరారు. ఒకరోజు అందులో ఒకడు గది ఆ చివర కూర్చుని గీస్తున్నాడు, నేను ఈ చివర ఉన్నాను. ఒరే బాబూ, బుగ్గ వెంట్రుకవాసి ఎక్కువైంది, తగ్గించు అన్నాను. వాడు స్కేలు పెట్టి కొలిచాడు. సరిగ్గా వెంట్రుకవాసే."

"అంత దూరం నుంచి కనబడిందా?" అన్నాడు రంగులు వేసే తమ్ముడు, కిటికీ మీంచి చూపు తిప్పకుండానే.

"కనబడటమేమిట్రా, నేను కళ్ళు మూసుకుని ఉన్నాను. పెన్సిలు చప్పుడు. బుగ్గ సరిగ్గా గీస్తే మెత్తగా సరసరమని వస్తుంది. వాడిది గడ్డి కోసినట్టు వస్తోంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పని పెరిగింది. నలుగురు నలభై మంది అయ్యారు. ఇక్కడ చోటు చాలక వేరే ఊళ్ళలో కూడా గీయించడం మొదలుపెట్టారు. మరి నలభై చేతులు పడితే కుందేలు కుందేలుగా ఉంటుందా? ఒకడి చేతిలో పిల్లి అయింది, ఒకడి చేతిలో గాడిద పిల్ల అయింది, ఒకడైతే సాక్షాత్తూ వాళ్ళ బావమరిది ముఖం దింపేశాడు. యజమాని పరిగెత్తుకుంటూ వచ్చి, ఇంక మీదే భారం అన్నాడు. నేను ఊరుకుంటానా? పొద్దున్నే ఒక్కో ఊరికీ ఫోన్ చేసేవాణ్ణి. ఫోన్ బల్ల మీద పెట్టి అందరూ గీయండర్రా అనేవాణ్ణి. ఇక్కణ్ణుంచి వింటూ, మూడో బల్లవాడా, ముక్కు కిందికి దించు, ఐదో బల్లవాడా, నువ్వు ఆవులిస్తున్నావు, ముందు ముఖం కడుక్కునిరా, అని చెప్పేవాణ్ణి."

"ఫోన్లో ఆవులింత కూడా వినబడిందా అయ్యా?" అంది కొట్టు నడిపే టీ అత్త.

"వినబడలేదమ్మా. నాకు అంటుకుంది. ఆవులింత అంటుకుంటుంది కదా, అలా పట్టుకున్నాను."

అంతలో పైన ఎవరో లేచి కిటికీ తెర లాగేశారు. తమ్ముడు గ్లాసు కింద పెట్టేశాడు. వదిన తెర వంక చూసి, తల దించుకుంది. మావయ్య అది గమనించాడు. గొంతు ఇంకాస్త పెంచాడు. ఆయన కోతలు ఎంత పెరిగితే మా భయం అంత తగ్గుతుందని అనుకున్నట్టున్నాడు.

"చెవీ ముక్కూ సరే, రంగు మాటేమిటి? కుందేలు మెడలో కండువా ఉంది కదా, ఆ పసుపూ పొద్దుటి సూర్యుడి పసుపూ ఒకటే నంబరు. ఒకరోజు సూర్యుడు పాలిపోయి లేచాడు. నాకు ఒళ్ళు మండింది. ఇక్కడ మేము నలభై మందితో ఒక్క చుక్క తేడా రాకుండా చేయిస్తుంటే ఆయనొక్కడు, వేరే పని ఏమీ లేనివాడు, ఇంత నిర్లక్ష్యమా? డాబా ఎక్కి కండువా గుడ్డ పైకెత్తి చూపించాను. ఒక్క క్షణం ఆగాడు. మబ్బు చాటుకు వెళ్ళాడు. సరిచేసుకుని వచ్చాడు."

"మరి సాయంత్రం ఎర్రగా అయిపోతాడే," అన్నాడు తమ్ముడు.

"సాయంత్రం మన ఆఫీసు మూసేస్తారు కదరా. చూసేవాళ్ళెవరని ఆయన ధీమా."

టీ అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. వదిన మాత్రం తల ఎత్తలేదు. మావయ్యకు అది కష్టంగా తోచింది. ఎన్ని చెప్పినా ఆ ఒక్క మనిషి నవ్వకపోవడం ఆయన భరించలేడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఒకసారి జంతువుల పార్కుకు వెళ్ళాను. నన్ను చూడగానే అక్కడి కుందేళ్ళన్నీ వరసకట్టి నిలబడి ఎడమ చెవి వంచాయి. ఒక్కొక్కదాన్నీ చూసి నువ్వు సరే, నువ్వు సరే అంటూ పోయాను. చివర ఒకటి కుడి చెవి వంచింది. మళ్ళీ చేసుకురా అన్నాను. పాపం, సిగ్గుపడి బొరియలోకి పోయింది."

"మన షీటు గీసింది అదేనేమో," అంది వదిన. మీటింగు తర్వాత ఆమె అన్న మొదటి మాట అది. ఆ గొంతులో వెటకారం కన్నా ఏడుపే ఎక్కువ ఉంది.

మావయ్య ఆమె వైపు తిరిగి కూర్చున్నాడు. "నువ్వు దిగులుపడకమ్మా. పైన కూర్చున్నవాళ్ళకు కుందేలు గురించి ఏం తెలుసు? నిష్ఠ అంటే ఏమిటో నేను చెబుతాను విను. మీరంతా ముందు పెట్టుకుని గీస్తున్న ఆ నవ్వుల షీటు ఉందే, కుందేలు ఎదురుగా నిలబడి రకరకాలుగా నవ్వే షీటు, అది ఎవరు గీశారనుకున్నారు?"

వదిన తల పైకి లేచింది. తమ్ముడు నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"నేనే," అన్నాడు మావయ్య, ఛాతీ పొంగించి. "ఎలా గీశాననుకున్నారు? బొమ్మను చూసి బొమ్మ గీస్తే నవ్వు చచ్చిపోతుంది. అందుకని ఇంట్లో అద్దం ముందు కూర్చున్నాను. బట్టల క్లిప్పు తెచ్చి నా ఎడమ చెవి వంచి పెట్టాను. నవ్వడం, గీయడం. ముసిముసి నవ్వు, పగలబడే నవ్వు, దొరికిపోయినవాడి నవ్వు. తిండి లేదు, నిద్ర లేదు, క్లిప్పు తీయలేదు. చివరికి అద్దంలో నేను మాయమై కుందేలే కూర్చుంది. మా ఆవిడ భోజనానికి పిలవడానికి వచ్చి, నన్ను చూసి, మారుమాట లేకుండా ముందు ఒక క్యారెట్ పెట్టి వెళ్ళిపోయింది. నా దవడలు నొప్పెట్టి నేను నవ్వడం ఆపేసినా అద్దంలో అది నవ్వుతూనే ఉంది. అన్నా, నువ్వు పడుకో, మిగతావి నేను నవ్వుతాలే అంది. దాన్ని చూసి, అద్దంలో ఎలా ఉందో అలా, గీత పొల్లుపోకుండా కాగితం మీదికి దింపాను."

ఎవరూ నవ్వలేదు.

"అద్దంలో ఎలా ఉందో అలాగే దింపారా మావయ్యా?" అంది వదిన.

"వెంట్రుకవాసి తేడా లేకుండా."

"క్లిప్పు ఏ చెవికి పెట్టారు?"

"ఎడమ. నిద్రలో లేపి అడిగినా ఎడమే అంటాను."

వదిన లేచి, టీ అత్త తువ్వాలు ఆరేసిన తాడుకున్న క్లిప్పు ఒకటి తీసి ఆయన చేతికిచ్చింది. "ఒకసారి పెట్టుకోండి," అంది. ఆటలాగా ఉందని మావయ్య ఉత్సాహంగా ఎడమ చెవి వంచి క్లిప్పు పెట్టుకుని ఆమెకెదురుగా నిలబడ్డాడు.

"ఇప్పుడు మీరే కుందేలు. నాకెదురుగా నిలబడ్డారు. వంగిన చెవి నాకు ఏ చేతివైపు ఉంది?"

"నీ కుడి చేతివైపు."

"కదా. ఎదురుగా నిలబడ్డ కుందేలును గీస్తే, కాగితం మీద వంగిన చెవి కుడివైపు రావాలి. ఇప్పుడు పక్కనున్న ఈ స్కూటరు అద్దంలో చూసుకోండి. వంగిన చెవి అద్దంలో ఎటువైపు ఉంది?"

మావయ్య వంగి నా స్కూటరు అద్దంలోకి చూశాడు. చాలాసేపు చూశాడు. "ఎడమవైపు," అన్నాడు.

"అలాగే దింపారు. ఇక కాగితంలోంచి మన వంక చూస్తున్న కుందేలుకు వంగింది ఏ చెవి?"

"కుడి చెవి," అన్నాడు తమ్ముడు మెల్లగా.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు మావయ్య చెయ్యి చెవి మీదికి పోయింది. ఆయన ముఖం చూస్తే నాకు అర్థమైంది, ఇప్పటిదాకా ఆయనకు నిజంగా తెలియదు. పని తక్కువగా ఉన్న రోజుల్లో అయితే ఒక్క బొమ్మలోనే దొరికిపోయేది. ఇప్పుడు నలభై మంది ఆ షీటును కళ్ళకద్దుకుని గీశారు, నలభై ప్రకటనల్లోనూ ఒకే తప్పు, వెంట్రుకవాసి తేడా లేకుండా వచ్చింది.

"మీరు పట్టిన కుందేటికి మూడే కాళ్ళంటే ఇన్నాళ్ళూ సరేనన్నాం మావయ్యా, నవ్వుకున్నాం," అంది వదిన. "ఈ చెవి దగ్గర నా అన్నం ఉంది. నిజం చెప్పండి. ఆ అద్దం నిజమా, కోతా?"

అప్పుడే ఆఫీసు కాపలా అతను రోడ్డు దాటి వచ్చాడు. "చెకింగ్ మేడంను పైకి రమ్మంటున్నారు," అన్నాడు.

కోత అని ఒక్క మాటంటే ఆయనకు చాలు. సంతకం లేదు, చూసినవాళ్ళు లేరు, పైగా ఆయన చెప్పిందేదీ నిజం కాదని మేమే పదిసార్లు సాక్ష్యం చెబుతాం. తన కోతలే ఆయన్ను కాపాడతాయి. నాకు ఆయన మీద కోపం వచ్చింది, దాని వెనకే జాలి కూడా వేసింది. ఇన్నేళ్ళ సర్వీసు తర్వాత ఆయన్ను మాత్రం ఎవరు ఉంచుకుంటారు?

మావయ్య చేతులు నలుపుకున్నాడు. "సూర్యుడు కోతే," అన్నాడు. "ఫోన్లు కోత. పార్కులో కుందేళ్ళూ కోతే, అసలు ఆ రోజు పార్కు మూసి ఉంది." వదిన వైపు తిరిగాడు. "అద్దం నిజం. క్లిప్పూ నిజమే. మా ఆవిడ మాత్రం క్యారెట్ పెట్టలేదు. నా వాలకం చూసి లైటు ఆర్పేసి వెళ్ళిపోయింది."

ఇన్నేళ్ళలో మొదటిసారి ఆయన మాట మేమందరం నమ్మాం.

"పదమ్మా, నేను కూడా పైకి వస్తాను," అన్నాడు.

ఇద్దరూ రోడ్డు మీదికి దిగారు. "పైన పెంచి చెప్పకండి మావయ్యా," అంది వదిన. "ఉన్నది ఉన్నట్టు చెప్పండి."

మావయ్య నడిరోడ్డు మీద ఆగిపోయాడు. ఆయన్ను అంత భయపడుతుండగా నేనెప్పుడూ చూడలేదు. "ఉన్నది ఉన్నట్టు చెబితే నన్నెవరు నమ్ముతారమ్మా?" అన్నాడు.

వదిన వెనక్కి వచ్చి ఆయన మోచెయ్యి పట్టుకుంది. "ఆ క్లిప్పు తీయకండి," అంది.

నేను నా స్కూటరు అద్దం ఊడదీసి పట్టుకుని వాళ్ళ వెనకే వెళ్ళాను.