బ్రేకుల్లో గాలి

కిర్యూ ఊళ్ళో ఆదివారం పొద్దున పదకొండయింది. ఇంటి పక్క రేకుల షెడ్డులో స్టాండ్ల మీద ఎర్ర రంగు స్పోర్ట్స్ కారు, దాని వెనక చక్రం దగ్గర నేల మీద పడుకుని అకుత్సు మొరియో గారు, గుమ్మంలో నల్ల సూటుతో, చేతిలో మిఠాయి పెట్టెతో సెరిజావా రియోహే.

“లేదు లేదు, ఇంట్లోకి వద్దు. ఎవరూ లేరక్కడ. మా అమ్మాయి కనాయె ఉడాన్ నూడుల్స్ తేవడానికి వెళ్ళింది, ఆ కొట్లో ఆదివారం గంటసేపు వరసలో నిలబడాలి. నువ్వు బండెక్కు.”

“బండెక్కాలా అండీ?”

“ఎక్కాలి. బ్రేకుల్లో గాలి తీయాలి. ఒకరు లోపల కూర్చుని పెడల్ నొక్కాలి, ఒకరు ఇక్కడ చక్రం దగ్గర నట్టు విప్పాలి. రేపు తొమ్మిదింటికి బండికి సర్కారు ఇన్‌స్పెక్షన్. సరిగ్గా మనిషి కావలసినప్పుడే వచ్చావు.”

“తప్పకుండా చేస్తానండీ. కాని అకుత్సు గారూ, ముందుగా మీతో నేనొక ముఖ్యమైన—”

“బూట్లు విప్పు. కార్పెట్ కొత్తది.”

“విప్పానండీ. ఈ మిఠాయి మీకోసం—”

“బానెట్ మీద పెట్టకు! రెండు నెలలు పట్టింది దానికి రంగు వేయడానికి. పక్క సీట్లో పెట్టు. బెల్టు పెట్టు.”

“బెల్టెందుకండీ, బండి కదలదు కదా?”

“నీకు కాదు, పెట్టెకి. ఆ సీటు ముందుకి వాలి ఉంటుంది, జారి పడిపోద్ది. కూర్చున్నావా?”

“కూర్చున్నానండీ. కొంచెం... కిందకి ఉంది.”

“స్పోర్ట్స్ కారు కిందకే ఉంటుంది. విను. నేను నొక్కు అనగానే మూడుసార్లు నొక్కి, మూడోసారి అలాగే తొక్కి పట్టు. పట్టుకున్నా అని కేకెయ్యి. నేను వదులు అనేదాకా కాలు తీయకు. మధ్యలో తీశావో, గాలి మళ్ళీ లోపలికి పోతుంది, చేసిందంతా మొదటికొస్తుంది. అర్థమైందా?”

“అయిందండీ.”

“నొక్కు.”

“ఒకటి. రెండు. మూడు. పట్టుకున్నా.”

“వదులు.”

“మామగారూ, నేనివాళ—”

“ఎవరూ?”

“అంటే... అకుత్సు గారూ.”

“అదీ. నేను మామనయ్యానని నాకెవరూ చెప్పలేదే. నొక్కు.”

“పట్టుకున్నా. బుడగలొస్తున్నాయా అండీ?”

“వస్తున్నాయి, వస్తున్నాయి. ఆవగింజల్లా వస్తున్నాయి. వదులు. నువ్వేం చేస్తుంటావు?”

“పియానోలు శ్రుతి చేస్తానండీ. కనాయె చెప్పలేదా?”

“చెప్పింది. నీ నోటితో వింటే బాగుంటుందని అడిగా. నీకు కార్లంటే కూడా ఇష్టమని చెప్పింది.”

“చాలా... చాలా ఇష్టమండీ.”

“ఏ కార్లు?”

“ఎర్రవండీ.”

“ఎర్రవి. బాగుంది. ఈ బండికి నేనేమేం చేశానో చూశావా మరి?”

“చూశానండీ. చక్రాలు చాలా గుండ్రంగా...”

“చక్రాలు గుండ్రంగానే వచ్చాయి నాయనా, అది నా ఘనత కాదు. ముప్పై మూడేళ్ళ బండి ఇది. స్ప్రింగులు మార్చి మూడు సెంటీమీటర్లు దించా. ముందు చక్రాలకి పెద్ద బ్రేకులు వేశా. రబ్బరు గొట్టాలు పీకేసి స్టీలు అల్లికవి బిగించా. హెడ్‌లైట్లు ఉన్నాయి చూడు, బటన్ నొక్కితే పైకి లేస్తాయి. అందులో ఒకటి లేచి ఒకటి లేచేది కాదు. ఎదురొచ్చిన ప్రతి ఆడమనిషికీ కన్ను కొట్టినట్టుండేది. ఆ మోటారు విప్పి వంటింటి బల్ల మీదే బాగుచేశా.”

“అబ్బ.”

“దాని పళ్ళ చక్రం ఇప్పుడు ఎక్కడా దొరకదు. తయారీ ఆపేసి పదేళ్ళయింది. క్యుషూ దీవిలో మా కార్ల క్లబ్బు మనిషి ఒకడు తన పాత బండిలోంచి తీసి పోస్టులో పంపాడు. తోడుగా ఒక కిలో నారింజలు కూడా పెట్టాడు. చక్రానికంతా నారింజ రసం.”

“మంచివారండీ.”

“మంచివాడే, మూట కట్టడం రాదు. నొక్కు.”

“పట్టుకున్నా. అకుత్సు గారూ, నేను ఈ సూటు వేసుకుని వచ్చిన కారణం—”

“వదులు. ఎడమ వెనక చక్రం అయిపోయింది. కుడి పక్కకి వస్తున్నా. ఆగు, నడుం... ఆఁ. వచ్చేశా. మా ఆవిడుంటే ఈపాటికి పేజీ అవలేదని కసిరేది.”

“పేజీ ఏంటండీ?”

“ఇరవై ఏళ్ళు ఈ పెడల్ నొక్కింది ఆవిడే. మిహోకో. స్టీరింగు మీద పత్రిక పరుచుకుని చదువుకుంటూ నొక్కేది. నేను వదులు అంటే, ఉండండి, ఈ పేజీ అవనివ్వండి అనేది.”

“అయ్యేదాకా పట్టుకునేవారా?”

“కాలు అంత గట్టిది. ఒకసారి నేను ఈ చక్రం కిందే ఉన్నా. పట్టుకున్నా అంది. అదే గొంతుతో, ఇంట్లో ఉప్పు అయిపోయింది అన్నట్టు, మనకి బిడ్డ పుట్టబోతోంది అంది. నేను గభాల్న లేచా. చూడు, ఇక్కడ చక్రం పైన అంచు కొంచెం వంగి ఉంటుంది. అది నా తల. రంగు నాలుగుసార్లు వేశా కాని ఆ వంపు తీయలేదు.”

“దెబ్బ గట్టిగా తగిలిందా అండీ?”

“తగిలింది. ఆవిడ కాలు మాత్రం తీయలేదు, మీరు వదులు అనలేదుగా అంది.”

“చూడాలనిపిస్తోందండీ ఆవిడని.”

“నాకూ అనిపిస్తుంటుంది. ఆసుపత్రి రిపోర్టు సంగతి కూడా అక్కణ్ణుంచే చెప్పింది. భోజనాల దగ్గర రెండుసార్లు మొదలుపెట్టి ఆపేసిందట. ఇక్కడైతే ముఖాలు ఎదురెదురుగా ఉండవు చూడు. లోపలి మనిషి స్టీరింగు చూస్తుంటాడు, బయటి మనిషి నట్టు చూస్తుంటాడు. తర్వాత ఆ సీట్లోకి కనాయె వచ్చింది. స్కూలు మానేస్తా అన్నా, పోనీలే మళ్ళీ వెళతా అన్నా, ఉద్యోగం వచ్చింది అన్నా, అన్నీ అక్కణ్ణుంచే. మా ఇంట్లో పెద్ద మాటలన్నీ బ్రేక్ ఆయిలుతోపాటే బయటికొస్తాయి.”

“అయితే అకుత్సు గారూ, నేను కూడా—”

“నొక్కు.”

“...పట్టుకున్నా. ఒక చిన్న విషయమండీ. ఈ ఎడమ పెడల్ కీచుమంటోంది. శ్రుతి కూడా కొంచెం దిగి ఉంది.”

“ఏ పెడల్?”

“ఎడమదండీ. బ్రేకు.”

“ఎడమది బ్రేకా?”

“కాదా అండీ? మా బండికి రెండే ఉంటాయి. ఎడమది బ్రేకు, కుడిది—”

“ఇక్కడ ఎన్నున్నాయి?”

“మూడండీ. మూడంటే నాకు కొత్త కాదు, పియానోకీ మూడే.”

“సెరిజావా.”

“అండీ.”

“ఎడమది క్లచ్చు. నీది ఏ లైసెన్సు?”

“...ఆటోమేటిక్‌కి మాత్రమేనండీ.”

“గేర్ల బండి తోలలేవు.”

“తోలలేనండీ. తోలితే పోలీసులు పట్టుకుంటారు. కనాయె ఈ సంగతి చెప్పద్దంది.”

“ఇంకా ఏం చెప్పద్దంది?”

“కార్లంటే నాకు ఇష్టం లేదని చెప్పద్దంది.”

“లేదా?”

“లేదండీ. క్షమించండి. ఎక్కితే కడుపులో తిప్పుతుంది. మీ అమ్మాయి ఆ అకాగి కొండ మలుపుల్లో తోలుతుంటే నేను కళ్ళు మూసుకుని సీటు పట్టుకుని కూర్చుంటాను.”

“హ హ హ! అది వాళ్ళమ్మ తోలడం! అచ్చం అదే! నేనూ కళ్ళు మూసుకునేవాణ్ణి.”

“మీరా అండీ?”

“ఎక్కడా అనకు. క్లబ్బులో పరువు పోతుంది. నాకు బండి విప్పడం ఇష్టం, బిగించడం ఇష్టం. తోలడం ఆవిడకిష్టం.”

“నాకూ అంతేనండీ, పియానో వాయించమంటే రాదు. కాని అకుత్సు గారూ, ఇంతసేపూ నేను నొక్కింది క్లచ్చయితే, ఆ బుడగలెలా వచ్చాయండీ?”

“ఏ బుడగలు?”

“ఆవగింజల్లా వస్తున్నాయన్నారు కదా.”

“ఆఁ... అవి గొట్టంలో మిగిలినవి. ఆ మాత్రం ఉంటాయి. మధ్య పెడల్ మీద పెట్టు కాలు. ఎక్కువ ఆలోచించకు. నొక్కు.”

“పట్టుకున్నా.”

“వదులు. నేను మా మామగారిని అడగడానికి వెళ్ళినప్పుడు సంగతి చెప్పానా నీకు? చెప్పలేదు, ఎలా చెబుతాను. ఆయన నన్ను చాప మీద మోకాళ్ళ మీద కూర్చోబెట్టాడు. ఎదురుగా ఆయన. నా ముఖం లోకే చూస్తూ. చెప్పాల్సిన మాట ముందురోజంతా అద్దం ముందు చదువుకుని వెళ్ళా. నోరు తెరిచా.”

“చెప్పారా?”

“మీ టీ కప్పులు చాలా బాగున్నాయండీ అన్నా.”

“అయ్యో.”

“ఆయన చాలా సంతోషపడి, రెండు కప్పులు కాగితంలో చుట్టి చేతిలో పెట్టి పంపేశాడు.”

“అమ్మాయిని అడగడానికి వెళ్ళి...”

“కప్పులు తెచ్చుకున్నా. బయటికి వచ్చేసరికి మిహోకో గేటు దగ్గర నిలబడి ఉంది. మా నాన్న ఏమన్నారు అంది. జాగ్రత్తగా కడగమన్నారు అన్నా. నెల రోజులు నాతో మాట్లాడలేదు. నవ్వుతున్నావా?”

“లేదండీ.”

“సీటు ఊగుతోంది. నవ్వు, ఫరవాలేదు. కాని పెడల్ మీద కాలుంచే నవ్వు. నొక్కు.”

“ఒకటి. రెండు. మూడు. పట్టుకున్నా. అకుత్సు గారూ, కనాయెని నాకిచ్చి పెళ్ళి చేయండి. ఇంకొకటి కూడా ఉందండీ. ఏప్రిల్ నుంచి నాకు హమామత్సులో పని. పియానోలు తయారుచేసే వర్క్‌షాపులో. పదేళ్ళుగా అడుగుతుంటే ఇప్పటికి రమ్మన్నారు. తనూ వస్తానంది. కాని మీకు చెప్పడానికి నోరు రాక తను మూడు వారాలుగా నిద్ర పోవట్లేదు. నేను చెబుతానన్నాను. చెప్పేశాను. అంతేనండీ.”

“పట్టుకునే ఉన్నావా?”

“ఉన్నానండీ.”

“హమామత్సు ఎంత దూరం?”

“కారులో ఐదు గంటలండీ.”

“ఐదు గంటలు.”

“అవునండీ. ...వదలమంటారా?”

“వదలమన్నానా?”

“లేదండీ.”

“కాలు వణుకుతోందా?”

“కొంచెం. ఫరవాలేదండీ, పట్టుకుంటాను.”

“పట్టుకో. కనాయె తోలితే ఐదు గంటలు కాదు. నాలుగే.”

“నాలుగేనండీ. నేను కళ్ళు మూసుకుంటాను కాబట్టి నాకు ఇంకా తొందరగానే అయిపోతుంది.”

“అక్కడ చలికాలం ఎలా ఉంటుంది? ఇక్కడలా కొండ మీంచి పొడిగాలి కొడుతుందా?”

“కొడుతుందండీ. ఎదురుగాలికి సైకిలు ముందుకి పోదు.”

“అయితే మంచిదే. దానికి కొత్తగా ఉండదు. గాలి చప్పుడు లేకపోతే దానికి నిద్ర పట్టదు, చిన్నప్పట్నుంచీ అంతే.”

“గుర్తుంచుకుంటానండీ.”

“పొద్దున లేవగానే మాట్లాడదు. టీ తాగేదాకా పలకరించకు.”

“తెలుసండీ. ఒకసారి పలకరించాను.”

“కోపమొస్తే అలమరాలన్నీ ఖాళీచేసి సర్దుతుంది. సర్దనివ్వు. ఏ వస్తువు ఎక్కడ పెట్టావని మాత్రం వారం రోజులు అడక్కు. మనమే వెతుక్కోవాలి.”

“వెతుక్కుంటానండీ.”

“వాళ్ళమ్మకి జబ్బు చేసినప్పుడు రోజూ సర్దింది. పదిహేడేళ్ళ పిల్ల. ఆ ఏడాది ఈ ఇంట్లో స్పానరు ఒక్కటి దొరకలేదు నాకు.”

“...అకుత్సు గారూ, అంటే మీరు... సరేనంటున్నారా అండీ?”

“నట్టు బిగించా. కాలు తీయి.”

“తీశానండీ.”

“సరేనంటున్నా.”

“నిజంగానా అండీ?”

“ఇప్పుడు కావాలంటే మామగారూ అను. ఒక్కసారే. ఎక్కువ అనకు, ముసలివాణ్ణయినట్టుంటుంది.”

“మామగారూ! నేను దిగి మీకు సరిగ్గా నమస్కారం... అమ్మా!”

“ఏమైంది?”

“కాలు తిమ్మిరెక్కిందండీ. నిలబడలేకపోతున్నా.”

“కూర్చో, కూర్చో. బానెట్ పట్టుకోకు! తలుపు పట్టుకో. ఆ మిఠాయి విప్పు, ఒకటి తిను. అదిగో, కనాయె సైకిలు చప్పుడు. కళ్ళు తుడుచుకో ముందు.”

“మీవి కూడా, మామగారూ.”

“నావి బ్రేక్ ఆయిలు పడి.”

“నాన్నా! ఉడాన్ తెచ్చా, వేడిగా ఉంది, రండి! రియోహే, నువ్వప్పుడే వచ్చేశావా? సూటేసుకుని బండిలో ఏం చేస్తున్నావు? బూట్లేవి? ఎందుకలా ఉన్నావు, ఏమన్నారు నాన్న?”

“సరేనన్నారు.”

“సరేనన్నారా! నిజంగా? హమామత్సు కూడా చెప్పావా?”

“అన్నీ చెప్పేశాను కనాయె. పొద్దుట్నుంచి ఎలా మొదలుపెట్టాలా అని చచ్చిపోతుంటే, అదృష్టం బాగుండి మీ నాన్నగారు ఇన్‌స్పెక్షన్ కోసం బ్రేకుల్లో గాలి తీస్తున్నారు. సాయం చేస్తూ చేస్తూ చెప్పేశాను.”

“గాలి తీస్తున్నారా? ఇవాళా? పోయిన ఆదివారమే నేనూ నాన్నా కలిసి నాలుగు చక్రాలకీ తీసేశాం. గురువారం ఇన్‌స్పెక్షన్ కూడా పాసైంది. పాసైన స్టిక్కరు అదిగో అద్దం మీద, ఇంతసేపూ నీ ముక్కు ఎదురుగానే ఉంది!”