నలిగిన రొట్టె ముద్ద

స్పార్టాలో ఒక పొద్దున. అరేటా వాకిట్లో ఆమె, ఆమె తమ్ముడు దామిస్.

"ఒకటా, రెండా?"

"ఒకటే అక్కా."

"గట్టిగా చెప్పు తమ్ముడూ, ఈమధ్య చెవులు పనిచెయ్యడం లేదు."

"ఒక్కటే నలిగింది అంటున్నా! రాత్రి అందరం తలో రొట్టె ముద్దా గిన్నెలో వేశాం. అన్నీ గుండ్రంగానే ఉన్నాయి. ఒక్కటి మాత్రం ఎవరో వేళ్ళతో నలిపేశారు. నలిపితే వద్దన్నట్టే. ఒక్కరు వద్దన్నా నీ కొడుకుని మా భోజనాల బల్లలో చేర్చుకోం, తెలుసుగా."

"తెలుసు. ఏ బల్లకీ చెందనివాడికి సభలో చోటుండదనీ తెలుసు. నా దెక్సిప్పోస్ చన్నీళ్ళలో మునిగింది, కొరడా దెబ్బలు తిన్నది మీ బల్ల మీద రోజూ పోసే ఆ నల్ల పులుసు కోసమా?"

"పులుసుని ఏమీ అనకు."

"అంత బావుంటే, వేటకెళ్ళానని అక్కడ చెప్పి నా వంటింట్లో దూరతావేం? సరే, నలిపిందెవరు?"

"ఎవరో. రహస్యం కదా."

"రహస్యమా! మీ నోళ్ళలోనా!"

"అసలు తప్పు వాడిదే అక్కా. మా బల్ల పెద్ద ఎవాల్కాస్ అడవిపందికి జడిసి చెట్టెక్కిన కథ ఊరంతా పొక్కింది. అక్కడి మాట గుమ్మం దాటకూడదు. నీ కొడుకు రోజూ ఓ మూల కూర్చుని వినేవాడు కదా, వాడే మోశాడని..."

"వాడా? ఆ కథ నాకు చెప్పింది నువ్వు కదరా! ఇదిగో, ఇక్కడే, తేనె అప్పాలు నోట్లో కుక్కుకుంటూ!"

"మెల్లగా..."

"మెల్లగా అంటే నాకు వినపడదు."

"అవును, నేనే చెప్పా! తెలిస్తే గెంటేస్తారు. ఈ వయసులో నన్ను ఎవరు చేర్చుకుంటారు? వాడంటే కుర్రాడు, ఇంకో బల్ల చూసుకుంటాడు."

"అందుకని?"

"అందుకని ఏముంది..."

"నలిపిందెవరు?"

"అదీ... నే..."

"వినపడలా."

"నేనే! నా చేత్తో నేనే నలిపా! చాలా?"

"కలిసి తింటాం, కలిసి తింటాం అని రొమ్ము విరుచుకు తిరిగేది ఇందుకా? మేనల్లుడి నోటి దగ్గర కూడు లాక్కోడానికా? సిగ్గు లేదూ?"

"తిట్టు, పడతా. ఎవరికీ చెప్పనని మాత్రం ఒట్టెయ్యి."

"ఒట్టు. నేను ఎవరికీ చెప్పను."

"బతికించావు. పాపం, ఆ చెవులు ఎప్పుడు పాడయ్యాయక్కా?"

"నా చెవులకేం, లక్షణంగా ఉన్నాయి. లోపల కూర్చుని అప్పాలు తింటోందే, మీ ఎవాల్కాస్ పెళ్ళాం, ఆవిడకే కాస్త గట్టిగా చెప్పాలి."