పదమూడోవాడు నోరు విప్పకూడదు

ఏమిట్రా సుహాస్, ఆ కుంటడం? మళ్ళీ ఆ అమెరికన్ ఫుట్‌బాలేనా? రా, కూర్చో. బూట్లు గుమ్మం దగ్గరే వదులు, మీ ఆంటీ ఇప్పుడే కార్పెట్ శుభ్రం చేసింది. ఏమిటీ, ఆటలో తగల్లేదా? బస్సు దిగుతుంటే మడమ మెలికపడిందా! బాగుంది నాయనా. భుజాలకి ఆ డొప్పలూ, నెత్తిన ఆ హెల్మెట్టూ, ఇంత హంగామా చేసి సీజనంతా ఆడింది బెంచీ మీద, దెబ్బ తగిలింది బస్సు దగ్గర. ఏమేవ్ రాజ్యం, విన్నావా? సర్లే, మొహం అలా పెట్టకు. మానేస్తానంటావా? మానెయ్, నాకేం. మీ అమ్మయితే నువ్వు షెఫీల్డులో ఎమ్మెస్సీ చదువుతున్నావనే అనుకుంటోంది, పిచ్చిది. కానీ మానేసే ముందు మా వాల్టర్ సంగతి విని మానెయ్.

ఇదిగో ఈ పక్కింట్లోనే ఉండేవాడు, ఇప్పుడు ఆ నర్సమ్మాయి ఉంటోందే, అందులో. పోయి అప్పుడే ఆరేళ్ళయింది, రెండువేల పదిలో. అమెరికావాడు. యుద్ధానికని వచ్చి, ఈ ఊరి పిల్లని చేసుకుని ఇక్కడే ఉండిపోయాడు. ఆవిడ ఎప్పుడో పోయింది. తొంభై నాలుగేళ్ళ మనిషి, ఎంత పెంకి ఘటమంటే, క్లినిక్కుకి తీసుకెళ్తే డాక్టరుకే మందులు చెప్పేవాడు. మీ ఆంటీ పులిహోర పంపిస్తే, "మిసెస్ రావ్, ఈ అన్నం పులిసిపోయినట్టుందే" అనేవాడు, గిన్నె మాత్రం నాకేసి పంపేవాడు. ఏం చెబుతున్నాను? ఆఁ, ఫోటో. వాళ్ళ హాల్లో ఒక ఫోటో ఉండేది. తోలు టోపీలు పెట్టుకున్న పదమూడు మంది కుర్రాళ్ళు. మధ్యలో ఎద్దులాంటివాడు క్లైడ్, కెప్టెను. చివర్న బక్కపలచగా నిలబడ్డది మనవాడు. ఎక్కడో చిన్న కాలేజీ, పంతొమ్మిదివందల ముప్ఫై ఆరు. టీమంతా కలిపి ఆ పదమూడు మందే. పదకొండు మంది ఆడతారు, ఇద్దరు బెంచీ. అచ్చం నీలాగే. ఏడు మ్యాచులాడితే ఏడూ ఓడిపోయారు. ఓడిపోవడం కాదురా, ఏడింట్లో కలిపి ఒక్క పాయింటు రాలేదు! మీకెన్ని వచ్చాయి? ఆరా? అబ్బో, అయితే మీరు మొనగాళ్ళే.

ఎనిమిదోది ఆఖరు మ్యాచి. ఆట ఇంకాసేపట్లో ముగుస్తుందనగా ఎలాగో ఈడ్చుకుంటూ ఈడ్చుకుంటూ అవతలివాళ్ళ గోల్ గీతకి రెండు గజాల దూరం దాకా వచ్చారుట. ఆ రెండు గజాలూ దాటితే సీజన్ మొత్తానికి అవే వాళ్ళ పాయింట్లు. సరిగ్గా అప్పుడు ఒకడు కళ్ళు తిరిగి పడ్డాడు. బెంచీ మీది ఇద్దర్లో ఒకడు అప్పటికే ఇంకొకడి బదులు లోపల ఆడుతున్నాడు, ఇక మిగిలింది పదమూడోవాడు, వాల్టరు. ఇక్కడే ఉంది మెలిక. మన క్రికెట్లో పన్నెండోవాడు మంచినీళ్ళు పట్టుకెళ్ళి కెప్టెన్ చెవిలో కోచ్ మాట ఊదొస్తాడు చూడు, అలా కుదరకుండా ఆ రోజుల్లో వాళ్ళకో రూలు. కొత్తగా లోపలికొచ్చినవాడు, ఒక ఆట, అంటే బంతి ఒకసారి కదిలి ఆగేదాకా, తనవాళ్ళతో నోరు విప్పకూడదు. కోచ్ చొక్కా పట్టుకుని మరీ చెప్పాట్ట, "చచ్చినా మాట్లాడకు" అని. అందరూ గుండ్రంగా తలలు దగ్గర పెట్టుకుని నిలబడ్డారు. వీడు చూస్తే క్లైడ్ చెవి చీరుకుపోయి మెడంతా రక్తం. నోట్లోంచి వచ్చేసింది. "నొప్పిగా ఉందా, క్లైడ్?" అంతే. రిఫరీ విననే విన్నాడు. ఈల వేసి పదిహేను గజాలు వెనక్కి నెట్టేశాడు. అక్కణ్ణుంచి ఇంకేం కొడతారు, అయిపోయింది. ఎనిమిది మ్యాచులు, గుండు సున్నా. "నువ్వయితే ఏం చేసేవాడివి రావ్?" అని నన్నడిగేవాడు. నేనయితే నోరు మూసుకునేవాణ్ణి అన్నాను. మీ ఆంటీ పక్కనుంచి "మీరా! నోరు మూసుకోవడమా!" అంది. చూడు, ఇప్పుడు కూడా ఎలా నవ్వుతోందో.

క్లైడ్ ఆ మాటకి జవాబు చెప్పలేదుట. తిరిగొస్తుంటే బస్సులో మాట్లాడలేదు, చదువైపోయేదాకా మాట్లాడలేదు. ఈయనా మొహం చెల్లక డెబ్బై నాలుగేళ్ళు ఒక్క ఉత్తరం ముక్క రాయలేదు. ఒకరోజు టీ తాగుతూ తాగుతూ భోరుమన్నాడు. "వాడు నన్ను క్షమించాడో లేదో తెలీకుండానే పోతాను రావ్" అని. అంత పెంకివాడు అలా ఏడిస్తే నాకు చెయ్యీ కాలూ ఆడలేదురా. మా మనవరాలు సాత్విక ఉంది కదా, అది కంప్యూటర్లో ఏం వెతికిందో, "తాతయ్యా, హి ఈజ్ స్టిల్ అలైవ్!" అని అరిచింది. క్లైడ్ అమెరికాలో ఏదో వృద్ధాశ్రమంలో ఉన్నాట్ట. ఫోన్ కలిపి స్పీకర్లో పెట్టింది. అవతల్నుంచి "ఎవరూ?" అని ముసలి గొంతు. ఈయన మాట్లాడడే! ఫోను పట్టుకుని అలా గుడ్లప్పగించి కూర్చున్నాడు. ఇక లాభం లేదని "వాల్టర్ అండీ, మీ కాలేజీ వాల్టర్" అని నేనే అరిచాను. అప్పుడు క్లైడ్, "ఏం వాల్టర్, ఇంకా మాట్లాడకూడదా? ఆ ఆట ఎప్పుడో అయిపోయిందిగా" అన్నాడు. మనవాడు ఫోను దగ్గరికి లాక్కున్నాడు. మళ్ళీ అదే మాట అడిగాడురా. "నొప్పిగా ఉందా, క్లైడ్?" అని.  అప్పుడన్నాడు క్లైడ్. "చాలా నొప్పిగా ఉండిందిరా. ఆ రోజు అడిగింది నువ్వొక్కడివే. జవాబు చెబితే ఏడ్చేస్తానని చెప్పలేదు."



ఏదీ, ఆ కాలు ఇలా స్టూలు మీద పెట్టు. రాజ్యం, కాసిని ఐసు ముక్కలు పట్రా. అరెరే, ఇంత వాచిందేమిట్రా... నొప్పిగా ఉందా?