వెలుగును దాటిన ఇంజను

చిలకలగూడ రైల్వే క్వార్టర్లల పర్వతాలు అనేటాయన నోరు మూయించినోడు ఇంతవరకు లేడు. పాసింజర్లు, గూడ్సులు, మిలటరీ స్పెషళ్లు నడిపి నడిపి మొన్ననే రిటైరైన డ్రైవరు ఆయన. ఇంజను దిగిండు గని నోరు మాత్రం ఇంక స్టీము మీదనే ఉన్నది. ఐతారం సాయంత్రమైతే చాలు, ఆయన అరుగు మీద జనం చేరుతరు. నమ్మి కాదు, ఇయ్యాల ఎంతదాక పోతడో చూద్దామని.

లోకోషెడ్డుల ఫిట్టరు యేసుదాసు అందుకే ధైర్యంగ బిడ్డకు ఒక మాట ఇచ్చిండు. ఆయన బిడ్డ దేవకృప మెట్రిక్ పాసైంది. హైద్రాబాదుల కాలేజీకి పోయి సైన్సు, లెక్కలు చదువుతనని ఒకటే పట్టు. ఆ పిల్లకు పొద్దున లేస్తే ప్రశ్నలే. వెలుగుకు బరువుంటదా, చుక్కలు ఎందుకు కిందపడయి, అని చర్చిల పాట నడుమ సుత తండ్రి చెవుల అడుగుతది. మేబెల్ టీచరమ్మ ఒక ఇంగ్లీషు పత్రిక చేతిల పెట్టినప్పటి నుంచి ఇంకోటి షురూ అయింది. ఆకాశంల పెద్ద చుక్క ఒకటి కాలి కాలి ఆరిపోయి, తన బరువుకు తానే లోపలికి కుంగితే, దాన్ల నుంచి వెలుగు సుత బయటికి రాలేదంట, నిజమేనా నాయినా అని.

యేసుదాసు పరేషాను జవాబు తెల్వక కాదు. పోయినేడు నిజాం మీదికి ఫౌజు వచ్చిన పోలీస్ యాక్షన్ దినాల్ల తలుపులు బిగించుకొని, ఆ ఒక్క బిడ్డను బస్తాల వెనక దాచి, బయట ఎవరన్న దగ్గినా ఉలిక్కిపడ్డడు. ఆ భయం ఇంక పోలే. ఒంటరిగ బస్సెక్కించి పంపాల్నంటే పానం ఒప్పదు, వద్దందామంటే పిల్ల మొఖం చూసి నోరు రాదు. మొన్న రాత్రి బువ్వ తినుకుంట ఉపాయం దొరికినట్టయి, పర్వతాలు కాక నోరు నీ ప్రశ్నలతోటి ఒక్కపారి మూయించు, తెల్లారే పోయి కాలేజీల పేరు రాయిస్త అన్నడు. అది కాని పని అని ఆయన ధైర్యం. పిల్ల మాత్రం చెయ్యి కడుక్కొని వచ్చి ఆ చేతిలనే ఒట్టు వేయించుకున్నది.

ఇగ ఐతారం వచ్చింది. పర్వతాలు గోడకు ఆనుకొని కూసున్నడు. పక్కన అల్లాబక్ష్, ఏండ్ల తరబడి ఆయన ఇంజన్ల బొగ్గేసిన ఫైర్‌మన్. పర్వతాలు ఏం చెప్పినా "సచ్ బాత్" అని, నిజమేనని సాక్ష్యం చెప్పుడు ఇంజను దిగినంక సుత ఆయన డ్యూటీనే.

కథ మామూలుగనే మొదలైంది. పోలీస్ యాక్షన్ల బండ్లన్ని బందైనయి. బోనగిరిల ఒక గూడ్సు బండి చిక్కుబడ్డది, తెచ్చేటందుకు ఎవలూ ముందుకు రాలే. మీద విమానాలు తిరుగుతున్నయి, ఇంజను లైటు ఎయ్యొద్దని హుకుం. పర్వతాలు, అల్లాబక్ష్ ఇద్దరే పోయిండ్రు. ఇంతవరకు నిజమే అయ్యుండొచ్చు, ఎవలూ కాదనలే.

"బోనగిరి దాటినంక చూస్త గద, విమానం లేదు, ఏం లేదు. లైటేసిన, రెగ్యులేటరు లాగిన, ఈయన బొగ్గేస్తున్నడు, నేను లాగుతున్న, చెట్లు కనబడుడు బందైంది, స్తంభాలు కనబడుడు బందైంది, ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? నా లైటు నాకంటె ఎనకవడ్డది. ముందట చీకటి, ఎనక వెలుగు. నా సొంత లైటు నా బండి ఎనక రొప్పుకుంట ఉరుకొస్తున్నది."

"సచ్ బాత్," అన్నడు అల్లాబక్ష్. ఆ వెలుగులనే బొగ్గు ఏరుకున్నడంట.

దేవకృప మెట్టు మీద నుంచి జెర ముందుకు జరిగింది. కన్ను మూసి తెరిచేలోపల వెలుగు భూమి చుట్టూ తిరిగొస్తది గదా తాతా, దాన్నెట్ల దాటినవని అడిగింది. పర్వతాలు తడుముకోలే. తిరిగొస్తది బిడ్డా, చదునున్న కాడ తిరిగొస్తది, ఘాట్‌కేసరు ఎత్తు ఎక్కుడు దానికి అలవాటు లేదు అన్నడు. అరుగంత నవ్వింది. యేసుదాసు సుత నవ్విండు, అనుకున్నట్టే అవుతున్నదని లోపల్లోపల కుదుటపడ్డడు.

పిల్ల ఆగలే. వెలుగును బయటికి రానియ్యని చుక్కలు ఉంటయంట, నిజమేనా అన్నది. ఆ ప్రశ్న కొరకే రిటైరైనట్టు పర్వతాలు బాసింపట్టు వేసుకొని కూసున్నడు.

"ఉంటయా ఏంది, దాన్ల వడి వచ్చినోన్ని నేను. ఘాట్‌కేసరు దాటి మౌలాలికి వస్తున్నం, సచ్చిన చుక్క ఒకటి పట్టాల నడుమ పడి ఉన్నది. ఎంతుంటదనుకున్నరు? చింతగింజంత. ఈ భూమినంత పిండి, ముద్ద చేసి, నలిపి నలిపి చింతగింజంత చేస్తె ఎంత బరువో అంత బరువు. ఈల ఊదితే ఈల దాన్లవడ్డది. పొగ దాన్లవడ్డది. మౌలాలి గుట్ట సుత అటుదిక్కు జెర ఒరిగింది, నమ్మకుంటె పోయి చూడుండ్రి, ఇప్పటికీ ఒరిగే ఉన్నది."

దేవకృప మొఖం తెల్లబోయింది. గుట్ట సంగతికి కాదు, చింతగింజ సంగతికి. భూమిని అంత చిన్నగ నలిపితేనే వెలుగు ఆగిపోతదని పత్రికల సుత ఇంచుమించు గదే రాసిండ్రు. ఎప్పుడూ పత్రిక పట్టని మనిషి గాలిల రాయి ఇసిరితే పోయి సక్కగ తగిలింది. తప్పు పట్టాల్సిన కాడనే తప్పు దొరకలే.

పర్వతాలుకు ఇగ పట్టపగ్గాల్లేవు. ఇంజనుతోటి ఆ చీకట్లకు పోయిండు. ఇన్నేండ్లు లోకంల ఆరిపోయిన దీపాల వెలుగంత లోపల కుప్పవడి ఉన్నదంట. పీర్ల పండుగ దివిటీలు, పెండ్లి ఊరేగింపుల గ్యాసుబత్తీలు, నిరుటి మెరుపులు. అల్లాబక్ష్ పారతోటి ఎత్తి వాటినే పొయ్యిల ఏసిండంట. లోపల చాయ్ పోసుకుంటె ఎంతకూ చల్లారలేదంట.

"వెలుగే బయటికి రాకుంటె నువ్వెట్ల వచ్చినవ్ తాతా?" అన్నది దేవకృప.

ఇంత సూటిగ ఆయన్ని ఎవలూ అడగలే. పర్వతాలు మీసం దువ్వుకొని, తాపీగ చెప్పిండు.

"వెలుగుకు డ్రైవరు లేడు బిడ్డా. నా ఇంజనుకు నేనున్న."

అరుగు ఊగిపోయింది. ఒకాయన భుజం మీది తువ్వాల ఎగరేసిండు. దేవకృప తల వంచుకున్నది. యేసుదాసు సంతోషపడాల్సిన గడియ అది. అనుకున్నదే అయింది, పిల్ల ఇల్లు కదలదు, బస్సు లేదు, భయం లేదు. అయినా ఆ వంగిన తల చూసి, గెలువు బిడ్డా, నాకోసమన్న గెలువు, అనుకున్నడు. తానిట్ల అనుకుంటడని ఆయనకే తెల్వదు.

పిల్ల తల ఎత్తింది. కండ్లల నీళ్లు లేవు.

"ఘాట్‌కేసర్ల టోకెన్ తీస్కున్నవా తాతా?"

నవ్వులు ఎక్కడివక్కడ ఆగిపోయినయి. అరుగు మీదున్నోళ్లందరు రైల్వేవాళ్లే. ఒక్కటే పట్టాల దారి, ఎదురుంగ ఇంకో బండి రావద్దంటే టేషన్‌మాస్టరు చేతి టోకెన్ డ్రైవరు చేతిల పడాలె. బెత్తపు రింగుకు కట్టిన తోలుసంచిల ఇనుప గుండు, అదే టోకెన్. అది లేకుంట టేషను దాటిన డ్రైవరు డ్రైవరే కాదు. అది అందుకోవాల్నంటే బండి మెల్లగ కావాలె, మనిషి చెయ్యి చాపాలె. వెలుగును దాటేటోని చేతికి ఎవడూ రింగు అందియ్యలేడు.

పర్వతాలు అల్లాబక్ష్ దిక్కు చూసిండు. అల్లాబక్ష్ తన కాలిగోర్లు చూసుకుంటున్నడు. గుట్టను వంచుతడు, చుక్కను మింగుతడు గని టోకెన్ లేకుంట పోయిన అని పర్వతాలు నోట రాదు. కోతలు కోసేటప్పుడు సుత రాదు.

"తీస్కున్న," అన్నడు ఆఖరికి. గొంతు మారింది. "బండి మెల్లగ చేసిన, చెయ్యి బయటవెట్టిన, తీస్కున్న. ప్రతి టేషన్ల తీస్కున్న. టోకెన్ లేకుంట నా ఇంజను ఎన్నడూ గజం జరగలే."

"మరి మెల్లగ పోయే బండిని ఎనకున్న లైటు దాటిపోదా?"

పర్వతాలు ఏమీ అనలే. గుడుగుడు హుక్కా గుంజుతున్న పక్కింటాయన సుత గుంజుడు ఆపిండు. అంతల అల్లాబక్ష్ మెల్లగ తల ఎత్తి, పర్వతాలు దిక్కు కాదు, పిల్ల దిక్కు చూసి "సచ్ బాత్" అన్నడు.

జనం పగలబడి నవ్విండ్రు. దేవకృప తండ్రి దిక్కు తిరిగింది. యేసుదాసు కండ్లు తుడుచుకొని లేచి నిలబడ్డడు. బస్సు తలుచుకుంటె భయం ఇంక పోలే. గని బిడ్డ గెలిచిందన్న గర్వం దానికంటె పెద్దగున్నది. ఆయన నోరు తెరిచేలోపల్నే పర్వతాలు అందుకున్నడు.

"దాసూ, నా మాట ఇను. ఈ పిల్లను రేపే తోల్కపోయి కాలేజీల వెయ్యి. ఇంకో ఐతారం నా అరుగు మీద కూసున్నదంటె నేను బతుక."