వీరయ్య బండి తుక్కు గాదు

వీరయ్య పటేల్ బండిని తుక్కు అన్నారు. అదీ ఆయన అరుగు మీదే కూర్చుని, ఆయన పోయించిన చాయే తాగుతూ.

అన్నాయన గోపాలరావు, పక్కింటి పెద్దమనిషి. కాకినాడ నుంచి ఉద్యోగం మీద ఇటు వచ్చి, లాల్‌గడి మలక్‌పేట్‌లో వీరయ్య ప్లాట్లు చేసి అమ్మిన చెలకలోనే ఒక ముక్క కొని, ఇల్లు కట్టి, కాలనీ సంఘానికి కార్యదర్శి కూడా అయ్యాడు. నెమ్మదైన మనిషి. ఎవర్నీ నొప్పించడు. తప్పనిసరైతే "అండి" చేర్చి నొప్పిస్తాడు.

"రేపు మన వీధికి సిమెంటు రోడ్డు పోస్తున్నారండి. మీ తుక్కు లారీ వెనక భాగం రోడ్డు మీదికి వచ్చేసిందండి. నడిచేదైతే ఇవాళే నడిపి లోపల పెట్టేసుకోండి. నడవనిదైతే పొద్దున్నే క్రేను వచ్చి ఎత్తేస్తుంది, పాతినుము కొనేవాడికి అప్పజెప్పేస్తారండి."

ఇన్ని మాటల్లో వీరయ్య చెవిన పడ్డది ఒక్కటే. తుక్కు. చేతిలో సాసరు ఠక్కున అరుగు మీద పెట్టాడు. మీసం మెలేయాల్సిందే కానీ, ఆ పొద్దే రంగు వేశాడు, ఆరేదాకా దాన్ని కదలనివ్వడు.

ఆ బండి మిలిటరీ వాళ్ళు వాడి వదిలేసిన పాత ట్రక్కు. నాలుగు చక్రాలూ లాగే రకం, గుట్టలెక్కడానికి పుట్టింది. ప్రస్తుతం మాత్రం రెండిళ్ళ మధ్య సందులో మూతి దూర్చి, వెనక భాగాన్ని వీధికి వదిలేసి, అలిగిన దున్నపోతులా నిలబడి ఉంది. చుట్టూ పిచ్చితుమ్మ కమ్ముకుంది. వీధిలోంచి చూస్తే దుమ్ము పట్టిన రెండు వెనక చక్రాలు, తుప్పు పట్టిన డాలా తలుపు, అంతే.

"తుక్కా?" అన్నాడు వీరయ్య. "గోపాల్రావు సార్, మీరు సదువుకున్నోళ్ళు. ఇంకో మాట ఏదన్నా అనున్రి. నన్ను అనున్రి. నా బండిని తుక్కంటరా? ఈ కాలనీ పుట్టకముందు పుట్టింది నా బండి! మీ రోడ్డే దానికి అడ్డమొచ్చింది గని, అది మీ రోడ్డుకు అడ్డం రాలే!"

"అంటే, నడవడం లేదు కదాని..."

"నడవదా? అరేయ్ రాకేషూ, ఇంటున్నవా? నడవదంట!"

అరుగు చివర సెల్‌ఫోను నొక్కుకుంటూ కూర్చున్న రాకేష్ తలెత్తాడు. వీరయ్య మేనల్లుడు, ప్లాట్లు చూపించే పని. ఆదివారం బేరం దొరక్కపోతే మామ అరుగు మీద కాలక్షేపం దొరుకుతుందని అతనికి తెలుసు. "జెప్పు మామా," అన్నాడు, ఫోను జేబులో పెట్టేసి.

"తొంబైయారుల, సార్. బొల్లారంల వేలం పాటల కొన్న. ఇంజన్ పట్టేసుకుపోయింది, నిజమే, అబద్ధం ఎందుకు చెప్పాలె. అల్వాల్ నుంచి ఒక మెకానిక్ ఉస్తాదును పిలిపిచ్చిన. ఆయన బానెట్ ఎత్తిండు, సూసిండు, మళ్ళ దించిండు. ఏమన్నడో ఎరుకేనా? 'పటేల్ సాబ్, ఏ నై హోతా' అన్నడు. నా వాకిట్ల నిలబడి కాదంటడా! పో అన్న. నేనే ఇప్పుత అన్న. ఇంట్లనే ఇప్పిన. ఒక్కన్ని. పానాలు దప్ప ఇంకో సామాను లేదు."

"ఆ పానాలు మా బాపువి మామా. ఇంకా వాపస్ ఇయ్యలే."

"ఇస్త తియ్యి, పారిపోతున్ననా? ఆఁ, ఇంజన్ ఇప్పిన. లోపల సూస్తే పిస్టన్లన్ని మసిపట్టి బొగ్గులెక్క ఉన్నయి. కిరసనాయిల్ల నానబెట్టిన, పోలే. ఇట్లగాదని మా పెండ్లి గుండిగల ఏసి పొయ్యి మీద ఉడకబెట్టిన. అరగంటకు మూత తీస్తే తళతళ మెరుస్తున్నయి."

లోపల్నుంచి వీరయ్య భార్య వజ్రమ్మ గొంతు వినిపించింది. "ఆ గుండిగల అన్నం వండితే ఇప్పటికీ బస్సు వాసన వస్తది!"

"ఆమె మాట ఇడిసిపెట్టున్రి. వాల్వులు ఉన్నయి సూడున్రి, వాటిని ఇసుకేసి చేత్తోని రుద్దిన. ఎంత నున్నగ రుద్దిన్నంటే, అండ్ల నా మొఖం కనిపిచ్చింది. ఆనాటి నుంచి గడ్డం వాల్వుల సూసుకుంటనే గీసుకున్న. మా ఇంట్ల అద్దం కొనుడే బంద్."

"వాల్వంటే రూపాయి బిళ్ళంత ఉంటుంది కదండీ?"

"నేను సగం సగం గీసుకుంటుంటి సార్," అన్నాడు వీరయ్య, తడుముకోకుండా. "ఇగ రింగులు. రాణిగంజ్‌ల ఎన్ని దుకాణాలున్నయో అన్ని తిరిగిన. ఆ ఇంజన్‌కు రింగులు ఇంగ్లండుల సుత లేవన్నరు. నేను ఏం జేసిన? ఎడ్లబండి చక్రం పట్టా ఊడబీకి, కొలిమిల ఎర్రగ కాల్చి, ఆకురాయితోని రాకి రాకి, ఎంట్రుకవాసి తేడా లేకుంట కోసిన. బిగిచ్చిన. ఇగ స్టార్ట్ జెయ్యాలె. ఇంజన్ ఏమో నేల మీదున్నది, బండి ఏమో సందుల ఉన్నది. ఉత్తగ నేల మీద పెట్టి స్టార్ట్ జేస్తే గంతులేస్తది గదా? అందుకని గిదిగో, గీ కంబానికి గొలుసేసి కట్టిన. హ్యాండిలేసి ఒక్కటే ఒక్క తిప్పు తిప్పిన. గప్పుడేమైందో ఎరుకేనా?"

"ఏమైంది మామా?"

"ఇల్లు జరిగింది."

గోపాలరావు చెవి దగ్గర చెయ్యి పెట్టి ముందుకు వంగాడు. "ఏమిటి జరిగింది?"

"ఇల్లే సార్. అరుగు, కంబాలు, లోపల ఈమె, పొయ్యి మీది కూర, అన్ని గలిసి నాలుగడుగులు జరిగినయి. కూర తొణకలే. అంత మెత్తగ లాగింది."

"ఎటువైపు జరిగిందండీ?"

వీరయ్య ఊపు మీదున్నాడు, చెయ్యి చాపేశాడు. "గటే! తూర్పుకు!"

తూర్పున ఉన్నది గోపాలరావు ఇల్లు. ఆయన గ్లాసు కింద పెట్టి నిటారుగా కూర్చున్నాడు. "అయితే మా హద్దులోకి నాలుగడుగులు వచ్చారన్నమాట. కొలిచినప్పుడల్లా మా ప్లాటు తక్కువ వస్తోందని నేను మొత్తుకుంటూనే ఉన్నాను. రాకేష్ గారూ, మీరు సాక్ష్యం."

"సాక్ష్యమే సార్. మామ నోటి నుంచే ఇన్న."

వీరయ్య చాపిన చెయ్యి గబుక్కున వెనక్కి లాక్కున్నాడు. "పూర్తిగ ఇనరా!" అని గద్దించాడు. "రివర్స్ గేరేసి మళ్ళ యథాస్థానానికి తెచ్చి పెట్టిన! ఎవ్వని జాగ నాకెందుకు? నేను అమ్మిన జాగను నేనే గుంజుకుంటనా? అవ్వ, ఎంత మాటన్నరు!"

"నేలమీది ఇంజనుకు గేర్లెక్కడివండీ?"

"గదే మరి! గేర్లు లేకుంటనే అంత పని జేసిందంటే, గేర్లు పెట్టినంక ఎట్లుంటదో మీరే ఆలోచించున్రి!"

గోపాలరావు ఆలోచించాడు. ఆలోచించిన కొద్దీ తల తిరిగింది.

వీరయ్యకు మాత్రం ఆ అన్యాయం ఇంకా మింగుడుపడలేదు. తను విప్పిన ఇంజను, తను రుద్దిన వాల్వులు, ఆ రోజుల్లో గోళ్ళ సందుల్లోంచి నెల్ల తరబడి పోని ఆ నల్లటి మరక, ఇవేవీ తెలియని మనిషి వచ్చి క్రేను అంటున్నాడు. పాతినుము అంటున్నాడు. తూకానికి అమ్ముతారట! అలాంటి మనిషికి చిన్న చిన్న సంగతులు చెప్తే ఏం లాభం? పెద్దవే చెప్పాలి.

"ఇనున్రి. ఇంజన్ బండిల కూసోబెట్టిన తెల్లారి, మేడ్చల్ నుంచి శామీర్‌పేట్ పోయిన. రోడ్డు మీద గాదు, రోడ్డు మీద ఎవడైన పోతడు. అడ్డంగ పోయిన. గుండ్లు, గుట్టలు, నాగారం దిక్కు కంచెలు..."

"నాగారం అటు గాదు గద మామా, ఉల్టా?"

"బ్రేకులు కొత్తయి, కొంచెం ఎక్కువ దూరం పోయి ఆగింది. నడుమల మాట్లాడకు. శామీర్‌పేట్ చెరువు అడ్డమొచ్చింది. ఏరే వాడైతే కట్ట మీదికెళ్ళి తిరిగి పోతడు. నేను దింపిన. నీళ్ళు టైర్ల దాంక వచ్చినయి, సీటు దాంక వచ్చినయి, నా మెడ దాంక వచ్చినయి, ఇంజన్ ఆగలే! ఆవలి ఒడ్డుకెక్కి రేడియేటర్ మూత తీస్తే, లోపల కొర్రమట్ట చేపలు. ఉడికినయి. ఉప్పు కారం తక్కువ, అంతే. జింకల పార్కుల జింకలన్ని జాలి కంచె కాడికొచ్చి వరుసగ నిలబడ్డయి సార్ నన్ను సూసుటానికి. గప్పుడు ఒక పెద్ద రాతిగుండు వచ్చింది, మూడంతస్తుల గుండు. ఎక్కిచ్చిన. ఎక్కుడైతే ఎక్కింది గని, ఆ స్పీడుకు అవతల దిగుడు మర్సిపోయింది."

"మర్సిపోయి?"

"ఎగిరింది. మబ్బుల దాంక పోయింది. పక్క నుంచి విమానం పోతాంది. పైలటు కిటికీల నుంచి చెయ్యి బయట పెట్టి సైడ్ అడిగిండు. ఇచ్చిన, మనకెందుకు కొట్లాట. గంత పైనుంచి సూస్తే మన కాలనీ మొత్తం కనిపిచ్చింది. గోపాల్రావు సార్ ఇల్లు సుత కనిపిచ్చింది."

"తొంబైయారులో మా ఇల్లెక్కడిదండీ? శంకుస్థాపనే రెండువేల ఒకటిలో."

"అందుకే సరిగ కనిపియ్యలే!" అని అరిచాడు వీరయ్య. "గిసొంటి బండిని, సార్, గిసొంటి బండిని, తుక్కంటరా?"

గోపాలరావు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. "సరేనండి. విమానానికి సైడిచ్చిన బండి. ఒక్క రెండు గజాలు జరపండి, చాలు. క్రేను వద్దని ఇప్పుడే ఫోను చేసేస్తాను."

"ఇప్పుడా?"

"ఇప్పుడేనండి."

"ఇప్పుడు స్టార్ట్ జేస్తే ఈ వీధి చాప లెక్క చుట్టుకపోతది సార్. పిల్లలు తిరిగే గల్లి. నా కోపం నాది, గని పిల్లల మీద చూపిస్తనా?"

రాకేష్ మోకాళ్ళ మధ్య తల పెట్టుకున్నాడు. భుజాలు ఊగుతున్నాయి. వీరయ్య అది చూశాడు, చూడనట్టు చూశాడు. కళ్ళు మాత్రం వీధి వైపు, బండి వెనక చక్రాల మీదికి పోయాయి. రేపు పొద్దున్నే క్రేను. తూకం. పాతినుము.

సరిగ్గా అప్పుడే గోపాలరావు భార్య అమ్మాజీ, తలుపు కూడా వేయకుండా వచ్చేసినట్టుంది, కొంగులో ఏవో మూట కట్టుకుని గబగబా గేటు తీసుకుని వచ్చింది.

"ఏవండీ, క్రేను రేపేనా? వద్దనండి. లారీ ఎత్తితే నిమ్మచెట్టు పోతుంది."

"ఏ నిమ్మచెట్టు?" అన్నాడు గోపాలరావు.

"ఏ నిమ్మచెట్టేమిటండీ, రెండేళ్ళుగా ఏ నిమ్మకాయతో పులిహోర తింటున్నారు? మన పెరటి గోడ మీంచి కొమ్మలు వంగి ఉంటాయే, అది. నేను వీరయ్య అన్నయ్య గారు వేసిన చెట్టేననుకుంటున్నాను." కొంగు విప్పింది. పచ్చగా, నిగనిగలాడే కాయలు. "అడక్కుండా కోసుకుంటున్నానని మొహమాటంగానే ఉందండీ అన్నయ్య గారూ."

వీరయ్య ఏ చెట్టూ వేయలేదు. ఆ మాట అనబోయి, ఎందుకైనా మంచిదని ఊరుకున్నాడు.

అందరూ కలిసి గోపాలరావు పెరట్లోకి వెళ్ళారు. వజ్రమ్మ కూడా తడి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. గోడ మీంచి తొంగిచూస్తే ట్రక్కు మూతి భాగం మొత్తం కనిపిస్తోంది. బానెట్ లేదు. బానెట్ కింద ఇంజనూ లేదు. ముందు చక్రం పక్కన మొలిచిన నిమ్మమొక్క, వెలుతురు కోసం వంగి, ఇంజను ఉండాల్సిన గుంతలోకి దూరి, అక్కడ ఒళ్ళు విరుచుకుని, బండినిండా కొమ్మలు చాచి కూర్చుంది. దర్జా డ్రైవరు చెయ్యి చాపినట్టు ఒక కొమ్మ స్టీరింగు దాకా పోయింది.

వజ్రమ్మే చెప్పింది.

"గిది ఎనకటి దసరా కాయనే. పూజ జేసి చక్రం కింద నిమ్మకాయ నేనే పెట్టిన. బండి కదిలితే నలగాలె అది. బండి కదల్లే. కాయ మొలిచింది."

"మామా," అన్నాడు రాకేష్, చాలా వినయంగా. "మరి ఇంజన్ యాడున్నది?"

"హాల్ల," అంది వజ్రమ్మ. "టీవీ కింద. దుప్పటి గప్పిన. ముక్కలు ముక్కలుగ లోపలికి తెచ్చిండు, వాన పడుతుందని. అన్ని బిగిచ్చినంక సూస్తే, దర్వాజల ఇంజన్ పడుతది, మోసెటోళ్ళు పడుతలేరు. గడప కొట్టేద్దమన్నడు. నా గడప మీద గునపం పెడితే మా అమ్మగారింటికి పోత అన్న."

"అది దర్వాజ కట్టిన మేస్త్రి తప్పు!" వీరయ్య రెండు చేతులూ చాపి చూపించాడు. "నా ఇంజన్ తప్పా? ఒక్క నట్టు మిగల్లే, ఒక్క వాసరు మిగల్లే! మళ్ళ ఇప్పి బయటికి తెమ్మంటరు. బిగిచ్చింది ఎట్ల ఇప్పుత? చేతులెట్ల వస్తయి?"

ఈ ముక్కలో మాత్రం కోత లేదని అందరికీ తెలిసింది. రాకేష్ నవ్వు ఆపేశాడు. గోపాలరావు భార్య ముఖం చూశాడు, చెట్టు చూశాడు, ఫోను తీశాడు.

"హలో, నేనేనండి. రేపు క్రేను వద్దు. మా ఇంటి పక్కన రోడ్డు కాస్త వంపు తిప్పండి. అవునండి, అడ్డం ఉంది. చెట్టండి. నిమ్మచెట్టు."

"చెట్టా?" వీరయ్య గోడెక్కినంత పని చేశాడు. "చెట్టని చెప్తరా? బండి అనున్రి! బండి ఉన్నదని చెప్పున్రి సార్! నాలుగు చక్రాలు లాగే బండి! చెట్టు పేరు జెప్పి బతుకుమంటరా దాన్ని? తెమ్మనున్రి క్రేను! ఇప్పుడే తెమ్మనున్రి! అయ్యో, నిజంగ తెమ్మనకున్రి గని, బండి అని చెప్పున్రి!"

"ఓ చెల్లే," అంది వజ్రమ్మ, అమ్మాజీ వైపు చెయ్యి చాపి. "గండ్ల నుంచి రెండు కాయలియ్యి, షర్బత్ కలుపుత. పొద్దుగాల నుంచి మా ఇంట్ల నడుస్తున్న ఇంజన్ గిదొక్కటే, బాగ వేడెక్కింది."