సెట్టి తాగని కాఫీ

1979. చిత్తూరుకు దక్షిణంగా ఒక కొండ ఊరు. కాఫీ తోట పెంచే కుప్పయ్య ఇంటి అరుగు. కుప్పయ్య, అతని భార్య సిద్ధమ్మ, తిరుపతిలో కాఫీ పొడి అంగడి నడిపే పరంధామయ్య. మధ్యలో లోటా నిండా కాఫీ.

"అదే చెప్తా ఉండా కుప్పయ్యన్నా. మద్దెలో దళారి అనేవాడే ఉండకూడదు. మీ చెట్టు, నా అంగడి, అంతే. మీరూ నేనూ ఒకే ఇంటోళ్ళం."

"ఒకే ఇంటోళ్ళమా? బాగుండాదప్పా. అయితే ముందు కాఫీ తాగు సెట్టీ."

"తాగుతాలే. ముందు మాట అనుకుందాం. సర్కారు కాఫీ బోర్డుకు పోసింది పోంగా, ఊళ్ళో ఇంటింటికీ మిగిలే గింజంతా నాకే ఇయ్యాల. తిరుచానూరులో కొత్త అంగడి తెరస్తా ఉండా. 'కొండ రైతుల కాడి నుంచి నేరుగా' అని పేరుపలక గూడా రాయించేసినా."

"గింజ ఇంకా మా ఇంట్లోనే ఉండాది గదబ్బా, పలక మీదికి ఎట్ల ఎక్కె?"

"నువ్వు కాదంటావా ఏంది? ఊరంతా నీ మాట మీదనే ఉండాది. నువ్వు ఊ అనకపోతే నేను తిరుచానూరులో తలెత్తుకుని తిరగలేను."

"ఊరు నా మాట మీద ఉండాది. నా మాట ఆ లోటా మీద ఉండాది. మా ఊళ్ళో కాయితాలు లేవు సెట్టీ. మా ఇంట్లో గంజో కాఫీయో నోట్లో పోసుకున్నోడికే పంట మాటిస్తాం. తాతల నాటి నుంచీ అంతే."

"ఈ పొద్దు శనివారం అన్నా. ఒక్కపొద్దు."

"పోయిన తూరి ఏకాదశి అంటివి."

"ఏకాదశే గదా మరి!"

"అంతకు ముందు తూరి కడుపులో మంట అంటివి. కాఫీ పొడి అమ్మేటోడికే కాఫీ పడకపోతే ఇంకెవురికి పడతాదప్పా?"

"ఏమయ్యో, ఆయప్పనెందుకు అట్ల పీక్కతింటావు? సల్లారిపోతా ఉండాది. తాగనీ."

"నేను వద్దంటినా సిద్ధమ్మా? తాగమనే గదా అనేది! సెట్టీ, మా తాత కాలంలో ఈడ ఒక ఎలుగ్గొడ్డు ఉండె."

"ఇప్పుడు ఎలుగ్గొడ్డు కత ఎందుకన్నా, నా బస్సు పోతాది."

"పోదులే. డ్రైవరు మా ఇంటెనక నిద్రపోతా ఉండాడు, వాడు లేస్తే గదా. ఇను. ఆ ఎలుగ్గొడ్డు దినామూ మా పనస చెట్లెక్కి కాయలన్నీ తినేసేది. ఒకనాడు మా అవ్వ ఎదురుపోయి, 'ఆకలైతే ఇంటికి రాకూడదా, దొంగతనమెందుకు' అని తిట్టి, పిల్చకొచ్చి రాగి గంజి పోసె. అది మూతి తుడుసుకుని, అవ్వకు దణ్ణం పెట్టి పోయె. ఆ పొద్దు నుంచి మా తోటకు అదే కావిలి. పందులొస్తే తరిమేది. మా నాయన పెండ్లిలో పందిట్లో నిలబడి తప్పెట గూడా కొట్టె."

"తప్పెటా? ఎలుగ్గొడ్డా?"

"నమ్మకపోతే మానుకో. ఆ ఎలుగ్గొడ్డు మాత్రం గంజి తాగేముందు 'అవ్వా, మీది ఏ కులం?' అని అడగలేదు."

"ఛీ ఛీ! నేనట్లాంటోడినా అన్నా? కులం గిలం నాకాడ లేదు. నా అంగట్లో అందురూ కొంటారు."

"అమ్మేటప్పుడు ఉండదులే. మా దళారి మునిరామయ్యను సూడు. తూకంలో కొడతాడు, కొట్టి నగతాడు. దొంగ నాయాలు. అయినా గడప కాడికి వస్తానే 'సిద్ధమ్మక్కా, కాఫీ' అని అరుస్తాడు, లోటా అడుగుదాకా తాగి పెడతాడు. నువ్వు పుణ్యాత్ముడివి. తూకం సరిగ్గా ఏస్తానంటివి, ఒకే ఇంటోళ్ళమంటివి. మా ఇంట్లో గొంతు మాత్రం తడుపుకోవు."

"అబ్బబ్బా! సరే, ఇదో, పట్టుకున్నా. సాలునా?"

"కండవాతో పట్టుకున్నావేం?"

"కాలతా ఉండాది."

"అది ఆరిపోయి శానాసేపాయె."

"అన్నా... నిజం చెప్పమంటావా? తప్పుగా అనుకోకూడదు. నాకు ఒక్కపొద్దూ లేదు, ఏమీ లేదు."

"ఆ, అట్ల రా దోవకు. చెప్పు, చెప్పు."

"వాసనన్నా. నేను పుట్టినప్పటి నుంచీ కాఫీ పొడిలోనే పెరిగినా. దూరం నుంచే పట్టేస్తా. ఇది కాఫీనా? చింతగింజలు మాడబెట్టి, దంచి కలిపినారు. గింజ పండించేది మీకు తెలుసు గానీ కాఫీ అంటే ఏందో మీకేం తెలుసు? ఇట్లాంటి కషాయం మా తిరపతిలో గొడ్లకు గూడా పొయ్యరు. మర్యాదకని ఇంతసేపూ నోరు మూసుకున్నా. దీన్ని నేనెట్ల తాగేది?"

"ఇన్నావా సిద్ధమ్మా?"

"ఇన్నాలే. చింతగింజలా సెట్టీ? బాగా సూసి చెప్పు."

"అమ్మవారి తోడు తల్లీ. నా ముక్కు తప్పదు."

"అయితే ఇంక నేనేం చేసేది సెట్టీ? మా ఇంటి పొడి నీ నోటికి ఎట్లుంటాదో ఏమో అని, తిరపతికి పోయినోళ్ళతో నీ అంగట్లో పొట్లమే తెప్పించి కలిపినా. నీళ్ళొకటే మావి."