బోయిన్‌పల్లి ఓకే అంటేనే పాట

బ్యాండ్ మాస్టర్ రాములు చాయ్ తాగుతున్నంతసేపు నిజాయతీపరుడే. గ్లాసు కింద పెట్టాడంటే మాత్రం బోయిన్‌పల్లి మార్కెట్ ముందు దేవమ్మ చాయ్ బండి దగ్గర నిలబడ్డవాళ్ళెవరూ పనులకు కదలరు. ఉల్లిగడ్డ బస్తాలు మోసే హమాలీలు కూడా "జెర ఇది విని పోదాం" అని ఆగుతారు. ఆ సంగతి రాములుకు తెలుసు. అందుకే గ్లాసును నెమ్మదిగా, నలుగురికీ చప్పుడు వినబడేలా పెడతాడు.

ఆ సోమవారం పొద్దున ఆ చప్పుడు మామూలు కంటే గట్టిగా వచ్చింది. ఎదురుగా కూరగాయల కమీషన్ ఏజెంట్ పురుషోత్తం, ఆయన పక్కన కూతురు హిమజ ఉన్నారు. హిమజ పెళ్ళికి ఇంకా పద్దెనిమిది రోజులుంది. పెళ్ళికొడుకు వాళ్ళకు ఎదురువెళ్ళి తోడుకొచ్చే ఎదుర్కోళ్ళకు రాములు బ్యాండ్ పెట్టాలా, డీజే బండి పెట్టాలా అన్నది ఇవాళ తేలిపోవాలి. పురుషోత్తం మనసు బ్యాండ్ మీదే ఉంది, ఆయన పెళ్ళికి వాయించింది రాములు తండ్రే మరి. కానీ పెళ్ళి హిమజది, మాట కూడా హిమజదే.

రాములు పైకి మీసం దువ్వుతున్నాడు గానీ లోపల దిగులుపడుతున్నాడు. ఈ సీజన్లో మూడు పెళ్ళిళ్ళను వరసగా డీజే ఎత్తుకుపోయింది. ఇది కూడా పోతే వేరే పనులు చూసుకుంటామని బ్యాండ్‌లో సగం మంది మొహం మీదే చెప్పేశారు. పెద్ద ఢోలు వాయించే జెరెమియా మాత్రం ఏమీ అనలేదు. అనకుండానే నేరేడ్‌మెట్‌లో ఒక అపార్ట్‌మెంట్‌కు పోయి వాచ్‌మన్ పని మాట్లాడుకొని వచ్చాడు. ఇరవై రెండేళ్ళు తన పక్కన నడిచిన మనిషి. రాములుకు అన్నిటికంటే అదే ఎక్కువ గుచ్చుకుంది.

హిమజ బేగంపేటలో ఒక ఆఫీసులో పని చేస్తుంది. నెలనెలా ఒకటో తారీఖున, ప్రపంచంలో అంతకు ముందు నెల కొత్తగా వచ్చిన పాటల్లోంచి పది ఏరి, ఏ పాట ఏ దేశానిదో, ఎందుకు బాగుందో రెండు ముక్కలు రాసి స్నేహితులకు పంపుతుంది. అన్నం లేకపోయినా ఉంటుంది గానీ ఆ పది పాటలు లేకుండా ఉండలేదని వాళ్ళమ్మ విసుక్కుంటుంది. తన ఎదుర్కోళ్ళలో ఈ నెల పదీ మోగాలన్నది ఆమె పట్టుదల. ఆ జాబితా వారం కిందటే తండ్రి చేత రాములుకు పంపింది కూడా.

"మాస్టర్, మీరంటే నాన్నకు చాలా ఇష్టం. కానీ నాకు పాతవి వద్దు. డీజే అతను పదీ ఉన్నాయన్నాడు, పదకొండింటికి ఫోన్ చేస్తాడు. మీ దగ్గర ఉన్నాయా?" అని అడిగింది.

"ఉన్నయా అని అడుగుతున్నవా బిడ్డా?" అన్నాడు రాములు. "పదికి పది నా వేళ్ళల్లున్నయ్. వారం రోజులల్ల పట్టిన. గిదేం పెద్ద విషయం కాదు, చెప్పుకునుడు సుత తప్పే. మా నాయిన ఒక్కసారి వింటే పట్టెటోడు, నాకు రెండుసార్లు కావాలె. ఉన్నదున్నట్టు చెప్పాలె గద."

"అబ్బో, ఇయ్యాల ఇంత తక్కువ చెప్తున్నవేందే?" అంది దేవమ్మ, పాలు తిప్పుతూ.

"తక్కువేడిది అక్కా, ఇంకా షురూ చేయలే. గా రెండో నంబరు పాట చూడుండ్రి, కొరియాది. ఏడుగురు పోరగాళ్ళు ఎగురుకుంట పాడుతరు. పాట మస్తుంది గాని మధ్యల ఒక్కకాడ దరువు జారింది. మన చెవి ఊకుంటదా? ఫోన్ కొట్టిన."

"ఎవలికి?"

"కొరియాకు."

"కొరియాకంటే ఎవలికే?"

"ఎవలెత్తితే వాళ్ళకు! ఎత్తినోడు వాళ్ళ మేనేజరే, నా నసీబు. 'మాస్టర్ సాబ్, మీరన్నది కరెక్టే, మేం మూడు నెలలసంది పరేషాన్ల ఉన్నం, ఏడ జారుతుందో సమజైతలేదు' అన్నడు."

"తెలుగులనా?" అన్నాడు పురుషోత్తం.

"సంగీతానికి భాషేంది సేటు? నేను క్లారినెట్ ఫోన్‌కాడ పెట్టి ఊదిన, వాడు అటుదిక్కు ఊ కొట్టిండు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? గా ఒక్క దరువు సరిజేసుకోంగనే పాట ఎక్కడికో పోయింది. ఇప్పుడు వాళ్ళు ఎగురుడు చూడుండ్రి, ఎడమ కాలు ముందరేస్తరు. ఎవల నడక గది? మన జెరెమియాది! ఢోలు మోసుకుంట ఎట్ల నడవాలెనో నేనే చెప్పిన."

అందరూ జెరెమియా వైపు తిరిగారు. బండి వెనక ఢోలు మీద చెయ్యి వేసుకొని కూర్చున్న జెరెమియా తన కాళ్ళ వైపు చూసుకున్నాడు.

హిమజ నవ్వు ఆపుకుంటోంది. ఆ నవ్వు చూసి రాములుకు ఎక్కడలేని ఊపు వచ్చింది. నవ్విందంటే సగం పని అయినట్టే అనుకున్నాడు.

"గా ముచ్చట నైజీరియాకు పాకింది. గాడొక గాయకుడున్నడు, ఆరో నంబరు పాట అతనిదే. 'కొరియాకు చేసినవు, మాకు చెయ్యవా' అని అలిగిండు. సరే పంపు అన్న. పాటను పార్సిల్‌ల పంపిండు."

"పార్సిల్‌లోనా? పాటనా?" అంది హిమజ.

"డబ్బాల పెట్టి, గట్టిగ టేప్ చుట్టి. నేను గీడనే, గీ బండి ముందరనే విప్పిన. మూత జెర లేసిందో లేదో, దరువు బయటపడ్డది! క్యాబేజీ లారీ వచ్చి నిలబడి ఉన్నది అప్పుడే. హమాలీలు ఇంకా ఎక్కనే లేదు, గడ్డలు వాటంతట అవే ఒకదాని యెనక ఒకటి దిగి, లైన్‌ల పోయి సేటు షాపు ముందర కూసున్నయ్. నమ్మకపోతే సేటునే అడుగుండ్రి."

పురుషోత్తం గొంతు సవరించుకున్నాడు. "ఆ దినం లారీ జల్దీనే ఖాళీ అయింది, అది మాత్రం నిజం," అన్నాడు. బ్యాండ్ కోసం ఆ పెద్దమనిషి అంత మాత్రం సాయం చేశాడు.

"విన్నరు గద! ఇగ కొలంబియా. మూడో నంబరు. గా పాట పాడిన ఆమెకు ఫోన్ల మాట్లాడుడు నచ్చదంట, మనిషిని చూసి మాట్లాడాలంటది. విమానం వేసుకొని వచ్చింది. శంషాబాద్ మీదికెళ్ళి బోయిన్‌పల్లికి వచ్చుడంటే ట్రాఫిక్‌ల తక్లీఫ్ అని, బేగంపేట పాత ఎయిర్‌పోర్టులనే దింపించుకున్నది."

"మా ఆఫీసు దాని పక్కనే మాస్టర్. నాకు కనబడలేదే?"

"నువ్వు అప్పుడు మెట్రోల ఉన్నవ్ బిడ్డా. నీ రైలు మీదికెళ్ళే పోయింది విమానం, నువ్వేమో ఫోన్ చూసుకుంటున్నవ్. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నడుసుకుంట వచ్చి గీ స్టూలు మీదనే కూసున్నది. దేవమ్మక్క చాయ్ ఇచ్చింది."

"నేనెప్పుడిచ్చిన?"

"దినాం మున్నూరు మందికి ఇస్తవ్, ఒక్క కొలంబియామె యాదికుంటదా నీకు? చక్కెర తక్కువెయ్యమన్నది సూడు, ఆమెనే. సగం చాయ్ తాగి, 'మాస్టర్, మీరు ఓకే అంటేనే పాట బయటికి వదుల్త, లేకుంటే గీ మార్కెట్లనే పారేసి పోత' అన్నది. నేను మూడంటే మూడు స్వరాలు మార్చిన. ఏడిసింది పిల్ల. కన్నీళ్ళు చాయ్‌ల పడ్డయ్. పారబోసుడు ఎందుకని నేనే తాగిన. ఉప్పగుండె."

హమాలీలు గొల్లున నవ్వారు. ఒకడు ఈల కూడా వేశాడు. రాములుకు ఇక ఆగే దారి తెలియలేదు.

"గప్పటిసంది మొత్తం దునియాకు గిదే రివాజు. నెలాఖరుకు అన్ని దేశాలోళ్ళు కొత్త పాటలు నా పేరు మీద పంపుతరు. ఒకటో తారీఖు పొద్దుగాల గీడ చాయ్ తాగి నేను 'బోయిన్‌పల్లి ఓకే' అన్న తర్వాతనే అవి బయటికొస్తయ్. మొన్న శ్రావణంల నాకు సర్ది అయింది, చెవులు రెండు మూసుకపోయినయ్. నెల రోజులు ప్రపంచంల ఒక్క కొత్త పాట రాలే! గాయకులు ఖాళీగ కూసున్నరు. మా గల్లీల కోయిల సుత పోయిన ఏడాది పాటనే మళ్ళ మళ్ళ కూసింది."

"శ్రావణంలో కూడా నేను పది పాటలు పంపాను మాస్టర్," అంది హిమజ.

"అవి స్టాకు బిడ్డా. ఆషాఢంల పెండ్లిళ్ళు లేవు గద, ఖాళీగున్న అని నాలుగెక్కువ ఓకే చేసి పెట్టిన."

ఈసారి హిమజ గట్టిగానే నవ్వేసింది. నవ్వి, టైము చూసుకుంది. పదకొండుకు పది నిమిషాలుంది. "సరే మాస్టర్. మీరు మార్చిన ఆ మూడో పాట వాయించండి. విందాం," అంది.

రాములు జంకలేదు. పెట్టె తీశాడు, క్లారినెట్ ముక్కలు బిగించాడు, పెదవులు తడుపుకున్నాడు, వాయించాడు. వారమంతా పొద్దూ సాయంత్రం సాధన చేసిన పాట అది. నిదానంగా నాలుగు మెట్లు దిగి, రెండెక్కి, అక్కడ కాసేపు నిలబడి మళ్ళీ దిగుతుంది. ఒక్క స్వరం తప్పలేదు. పురుషోత్తం తల ఊపుతున్నాడు, దేవమ్మ గరిట ఆపి వింటోంది.

హిమజ మొహంలో నవ్వు పోయింది. "ఇది ఏ పాట మాస్టర్?" అంది.

"కొలంబియాది బిడ్డా."

"కాదు. అది నాకు నిద్రలో కూడా తెలుసు. ఇది కాదు."

రాములు కొరియాది వాయించాడు. హిమజ తల అడ్డంగా ఊపింది. నైజీరియాది వాయించాడు. "ఏ ఒక్కటీ అది కాదు మాస్టర్," అంది మెల్లగా. పాపం, ఆ పిల్లకు కూడా ఆ మాట అనడం కష్టంగానే ఉంది. చేతిలోని ఫోన్ వైపు చూసుకుంది. రాములు క్లారినెట్ దించాడు.

జెరెమియా ఢోలు పక్కన పెట్టి లేచాడు.

"తప్పు నాదమ్మా," అన్నాడు. "మాస్టర్‌ది బటన్ల ఫోను, అండ్ల పాటలు రావు. నీ జాబితా నా చేతికే ఇచ్చిండు. మా బిడ్డ గ్లోరియా ఫోన్ల నేను విని, దినాం మోటర్ బండి మీద యెనక కూసొని మాస్టర్ చెవుల పాడిన. ఆయన అట్లనే నేర్సిండు. గాని నేను చర్చి కాయర్‌ల, గదే పాటల గుంపుల, ముప్పై ఏండ్లసంది బేస్ అంటే లావు కింది గొంతు పాడుతున్న. పైన ఆడోళ్ళు ఏం పాడుతరో ఇప్పటికి సుత నాకు సక్కగ తెల్వది. ఏ పాటైనా నా చెవికి కింది గొంతే వినబడ్తది. పదింటికి గదే నేర్పిన."

"అంటే కొలంబియామె రాలేదా?" అంది దేవమ్మ.

"ఆమె వచ్చుడు కాదక్కా, ఆమె పాట మాస్టర్ చెవిలనే పడలే. పదిట్ల ఒక్కటి సుత వినలే," అన్నాడు జెరెమియా.

హమాలీలు బస్తాల మీద పడి నవ్వారు. దేవమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రాములు క్లారినెట్ విప్పడం మొదలుపెట్టాడు. కోపం రాలేదు అతనికి, సిగ్గేసింది. జెరెమియా ఇక వాచ్‌మన్ పనికి పోతాడన్న దిగులు ఆ సిగ్గును కూడా మింగేసింది.

"విప్పకండి మాస్టర్," అంది హిమజ. ఆమె ఒక్కతే నవ్వలేదు. "మూడోది మళ్ళీ వాయించండి, నేను చెప్పినప్పుడు."

ఫోన్‌లో పాట పెట్టి దేవమ్మ బల్ల మీద ఉంచి, చెయ్యి ఊపింది. రాములు కళ్ళు మూసుకొని ఊదాడు. ఫోన్‌లోంచి సన్నగా, పీలగా వస్తున్న ఆ పాట కింద క్లారినెట్ పోయి సరిగ్గా కూర్చుంది. జెరెమియా ఉండబట్టలేక ఢోలు అందుకున్నాడు. ఎక్కడా తేడా లేదు, ఒకళ్ళ కోసమే ఇంకొకళ్ళు పుట్టినట్టుంది. నవ్వుతున్న హమాలీల కాళ్ళు వాటంతట అవే ఆడసాగాయి. సన్నని పాటకు బలం వచ్చి మార్కెట్ గేటు దాకా వినబడింది.

అంతలో డీజే అతని దగ్గర్నుంచి ఫోన్ వచ్చి పాట ఆగిపోయింది. హిమజ ఎత్తి, "సారీ అండి, మేం బ్యాండ్ పెట్టుకున్నాం," అని పెట్టేసింది. తర్వాత రాములు వైపు తిరిగింది. "ఈ కింది గొంతు మీ పెద్ద బూర వాళ్ళకు ఇవ్వండి. పైది మీరు వాయించాలి. సాయంత్రం ఆఫీసు అయ్యాక వస్తా, నేనే నేర్పిస్తా. రోజుకొకటి."

పురుషోత్తం కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు, అందరికీ చాయ్ చెప్పాడు. జెరెమియా అపార్ట్‌మెంట్ వాళ్ళకు పనికి రానని చెప్పడానికి ఫోన్ పట్టుకొని పక్కకు పోయాడు. అది చూశాక రాములు ఛాతీ మళ్ళీ మెల్లగా పొంగింది. పుట్టుకతో వచ్చిన బుద్ధి ఎక్కడికి పోతుంది?

"చూసినవా బిడ్డా, నేను కావాల్ననే కింది గొంతు పట్టిన. ఎందుకంటే గా కొలంబియామె స్టూలు మీదికెళ్ళి లేసి పోయేటప్పుడు ఏమన్నదో తెలుసా? 'మాస్టర్, పైన నేను చూసుకుంట, కింద నువ్వు పట్టుకో' అని నా చెయ్యి పట్టుకొని..."

హిమజ వాదించలేదు. బ్యాగులోంచి పెద్ద హెడ్‌ఫోన్లు తీసి, అతని మాట పూర్తి కాకముందే రెండు చెవులకూ తగిలించి, మూడో పాట మొదటి నుంచి పెట్టింది.

రాములు రెండు చేతులతో హెడ్‌ఫోన్లను చెవులకు అదుముకున్నాడు. వారం రోజులుగా తను దిగిన మెట్ల మీద ఎవరో ఆడమనిషి అంత హాయిగా, అంత ఎత్తున తిరుగుతోంది. అతనికి సంతోషం ఆగలేదు. చెవులు మూసుకుపోయిన మనిషికి తన గొంతు ఎంత పెద్దదో తెలియదు కదా, మార్కెట్ మొత్తం అదిరేలా అరిచాడు:

"అరే జెరెమియా! మస్తు పాడుతున్నదిర! ఎవలీమె?"